పదకొండు నుంచి ఒంటిగంట దాకా నిశ్శబ్దం

మా ఇంట్లో ఏ శబ్దమూ లేదు. ఈ మాట నా సొంతం కాదు. నగర శబ్ద ఫిర్యాదుల విభాగం విచారణ జరిపి, తేల్చి, సీలు వేసి చెప్పిన మాట. ఆ విభాగంలో ఆ సీలు వేసేది నేనే కాబట్టి నా సొంతమన్నా పెద్ద తప్పు లేదు. కనుక నాలుగు నెలల పాటు నాకు కంటి మీద కునుకు లేకపోవడానికీ, నేల లోంచి, గోడ లోంచి, చివరికి దిండు లోంచి వచ్చిన ఆ మూలుగుకీ ఎటువంటి సంబంధమూ లేదని పాఠక మహాశయులు ముందుగా గమనించ ప్రార్థన.

నా గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి. ఇరవై ఆరేళ్ళుగా నేను ఫిర్యాదులు మూసే గుమాస్తాను. తీసుకునేవాళ్ళు వేరు. వాళ్ళు కిటికీ దగ్గర కూర్చుని జనం చేత తిట్లు తింటారు. విచారించేవాళ్ళు వేరు. వాళ్ళు ఎండలో తిరుగుతారు. నేను ఫ్యాను కింద కూర్చుని మూస్తాను. ఆఫీసులో నన్ను ‘ముగింపు గారు’ అంటారు. మొదట్లో వేళాకోళానికి అన్నారు, పోనుపోను అదే హోదా అయి కూర్చుంది. నా బల్ల మీద మూడు రబ్బరు సీళ్ళు ఉండేవి: ‘శబ్దం లేదు’, ‘శబ్దం కలదు గాని పరిమితికి లోబడి ఉన్నది’, ‘ఫిర్యాదుదారు అందుబాటులో లేరు’. నాలుగోది నేను స్వయంగా ఊహించి చేయించాను: ‘వయోభారం వల్ల చెవిలో హోరు, చర్య అవసరం లేదు’. మా విభాగంలో ఒక గుమాస్తా బుర్ర వాడిన సందర్భం అదొక్కటేనని సూపర్నెంటు గారు సభాముఖంగా మెచ్చుకుని, నాకు గాజు జ్ఞాపిక ఇచ్చారు. దాని మీద ‘పెండింగు సున్నా’ అని బంగారు రంగు అక్షరాలతో ఉంటుంది.

మా విభాగం పనితీరు కూడా కాస్త చెప్పాలి. లేకపోతే మమ్మల్ని ఏదో పనీపాటా లేనివాళ్ళనుకుంటారు. ఫిర్యాదు రాగానే మీటరాయన వెళ్ళి శబ్దం కొలిచి వస్తాడు. ఆయన ఆఫీసుకు వచ్చి, సంతకం పెట్టి, మీటరు తీసుకుని బయల్దేరేసరికి పదకొండవుతుంది. ఒంటిగంటకి భోజనం. కాబట్టి ఈ నగరంలోని శబ్దాలన్నీ పదకొండుకీ ఒంటిగంటకీ మధ్యనే కొలవబడతాయి. అందులోనూ బయటి శబ్దాలు అడ్డు రాకూడదని కిటికీలు మూయించి మరీ కొలుస్తాడు. ఇక ఫిర్యాదు చదవడం. మొదటి వాక్యం చదువుతాం. రెండో వాక్యం నుంచి జనం తమ బాధలు రాసుకుంటారు, అవి మా పరిధిలోకి రావు. ఈ పద్ధతి వల్ల నేను రోజుకు నలభై ఫైళ్ళు మూసి, సాయంత్రం కూరగాయలు కొనుక్కుని వేళకి ఇంటికి చేరేవాణ్ణి.

అలాంటి రోజుల్లో ఒక ముసలామె మూడో అంతస్తు ఇంట్లోంచి ఏడు ఫిర్యాదులు రాసింది. వయొలిన్ టీచరు. ‘మా ఇంట్లో ఎడతెగని మోత వస్తోంది’ అని ఏడు ఉత్తరాల్లోనూ మొదటి వాక్యం ఒకటే కావడం వల్ల నాకు పని తేలికైంది. మొదటి మూడింటి మీద మొదటి సీలు, తర్వాతి నాలుగింటి మీద నాలుగో సీలు వేశాను. ఆ తర్వాత ఆమె ఇల్లు ఖాళీ చేసి చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతున్నట్టు, ఇక జవాబులు ఆ చిరునామాకి పంపమన్నట్టు ఒక కార్డు రాసింది. కార్డులో ఒకే వాక్యం ఉండబట్టి పూర్తిగా చదివాను. మూడో అంతస్తు, రెండు వైపులా గాలి, ఆఫీసుకు నడిచి వెళ్ళేంత దూరం, అద్దె తక్కువ. వెంటనే వెళ్ళి ఇంటివారితో మాట్లాడేశాను.

“ఆవిడెందుకు ఖాళీ చేసిందండీ?” అని మా ఆవిడ అడిగింది.

“చాదస్తం. శబ్దం వస్తోందట.”

“వస్తోందా మరి?”

“ఏడుసార్లు విచారించాం. ఈ నగరంలో ఇంత నిశ్శబ్దమైన ఇల్లు రికార్డుల్లో ఇంకోటి లేదు,” అన్నాను గర్వంగా.

ఇంట్లో దిగిన మూడో రోజున మా ఆవిడ పొయ్యి ఆపి, కుళాయి కట్టేసి, వంటింటి మధ్యలో నిలబడి చెవి ఒగ్గింది. “ఏమండీ, ఏదో మూలుగుతోంది,” అంది. నేను పేపరు లోంచి తల ఎత్తకుండా, “పరిమితికి లోబడే ఉంటుందిలే,” అన్నాను. వారం తిరిగేసరికి, “నాకు పళ్ళు జివ్వుమంటున్నాయండీ, పడుకుంటే పక్కటెముకల్లో తిరుగుతోంది,” అంది. వయసు సంగతి సున్నితంగా ప్రస్తావించాను. అప్పుడు మా ఆవిడ అన్న మాట: “ఆ సీలేదో ఇంటికి పట్టుకొచ్చి నా చెవి మీదే వేసెయ్యండి, పీడా పోతుంది!” ముప్ఫై ఏళ్ళ సంసారంలో ఆమె మా కార్యాలయ విధానాల మీద అభిప్రాయం చెప్పడం అదే మొదలు.

పన్నెండో రోజున నాకూ వినబడింది. వినబడింది అనడం కూడా సరికాదు, అది చెవితో వినేది కాదు. ఎక్కడో దూరాన లారీ ఇంజను ఆపకుండా వదిలేసినట్టు, ఆ లారీ మన కడుపులోనే ఆగినట్టు ఉంటుంది. చెవిలో దూది పెడితే ఇంకా బాగా వినబడుతుంది. మంచినీళ్ళ గ్లాసు బల్ల మీద పెడితే నీళ్ళ మీద సన్నటి వలయాలు. అలమరలో నా జ్ఞాపిక తనంతట తానే రోజుకింత అంచుకి జరిగేది. పొద్దున్నే లేచి దాన్ని వెనక్కి నెట్టడం నా దినచర్యలో చేరింది.

నేను చెయ్యని వెర్రి పని లేదు. ఫ్రిజ్జు ఆపేసి మూడు రోజులు పాలు విరగ్గొట్టుకున్నాం. పై అంతస్తు వాళ్ళ మిక్సీ మీద అనుమానపడి, వాళ్ళింట్లో పప్పు రుబ్బుతున్నంతసేపూ గుమ్మం దగ్గర నిలబడి తేలు కుట్టిన దొంగలా తిరిగొచ్చాను. మంచం నాలుగు కోళ్ళ కిందా పాత చెప్పులు పెట్టాను. ఆ వారమంతా మా ఆవిడ చెప్పుల్లేకుండా తిరిగింది. చెవుల డాక్టరు పరీక్ష చేసి, “మీ వయసుకి ఇంత మంచి చెవులు నేను చూడలేదండీ,” అన్నాడు. నా నాలుగో సీలుకి అంత అవమానం ఎన్నడూ జరగలేదు. ఒకే ఒక ఊరట ఏమిటంటే ఆఫీసులో హాయిగా నిద్ర పట్టేది. రోజూ పన్నెండు నుంచి నాలుగు దాకా బల్ల మీదే పడి నిద్రపోయాను. నా పనితీరులో వీసమెత్తు తేడా రాలేదని సూపర్నెంటు గారు నలుగురిలో మెచ్చుకున్నారు.

నాలుగో నెలలో మా ఆవిడ సంచీ సర్దుకుంది. “నేను మా అక్క దగ్గర పడుకుంటాను. మీకూ నాకూ ఏ గొడవా లేదు. ఇంటికీ నాకూ కుదరడం లేదు,” అని గుమ్మం దిగింది. ముప్ఫై ఏళ్ళు నా గురకని భరించిన మనిషి ఒక మోతకి ఓడిపోయి వెళ్ళిపోతే, నాకు నిజంగా ఏడుపొచ్చింది.

అప్పుడు ఫిర్యాదు రాశాను. సామాన్య పౌరుడిలా కిటికీ దగ్గర వరసలో నిలబడి ఇచ్చాను. అది నంబరు వేయించుకుని, మూడు బల్లలు తిరిగి, నాలుగో రోజున నా బల్ల మీదకే వచ్చింది. ఈలోగా మీటరాయన పదకొండున్నరకి మా ఇంటికి వచ్చాడు. కిటికీలు మూశాడు. సూది కదల్లేదు. నాకూ ఏమీ వినబడలేదు. “చూశారా ముగింపు గారూ, మీకు పని ఎక్కువై అలా అనిపిస్తోంది,” అని వెళ్ళిపోయాడు. ఒంటిగంట దాటాక జ్ఞాపిక మళ్ళీ నడక మొదలెట్టింది.

ఇక మిగిలింది మూయడమే. అయితే ఒకే చిరునామా నుంచి మళ్ళీ ఫిర్యాదు వస్తే పాత ఫైళ్ళతో కలిపి కుట్టి మూయాలని ఒక సర్క్యులరు ఉంది. ఆ సర్క్యులరు రాసినవాడు ఎవడో గాని బుద్ధి లేనివాడు అనుకుని కింద చూస్తే నా సంతకమే ఉంది. పాత ఫైళ్ళు అనుబంధ భవనంలోని రికార్డు రూములో ఉంటాయి. ఇరవై ఆరేళ్ళలో లక్షల ఫైళ్ళు అక్కడికి పంపాను గాని, ఒక్కసారైనా నేను వెళ్ళింది లేదు. మనం పంపినవి మళ్ళీ చూసే అలవాటు మా విభాగంలో ఎవరికీ లేదు.

పన్నెండు గంటలకి చిరునామా పట్టుకుని వెళ్ళాను. పెద్ద వీధిలోంచి సందులోకి తిరిగి, ఇనుప గేటు దాటి, మెట్లు దిగితే కింద పెద్ద హాలు. నేలకీ కప్పుకీ మధ్య అరలు, అరల నిండా నా సీళ్ళు. కాపలాదారు మర్యాదగా బల్ల తుడిచి ఏడు ఫైళ్ళూ నా ముందు పెట్టాడు. ఒంటిగంట దాకా చేసే పనేమీ లేక, ఉద్యోగంలో చేరాక మొదటిసారి ఒక ఫిర్యాదులో రెండో వాక్యం చదివాను.

‘రోజూ పదకొండు గంటలకి మోత ఆగుతుంది. ఒంటిగంటకి మళ్ళీ మొదలవుతుంది. మీ మనిషి వచ్చేది సరిగ్గా ఆ మధ్యలోనే. దయచేసి రెండు గంటలకి రమ్మనండి.’ ఏడు ఉత్తరాల్లోనూ ఇదే. ఏడోదాంట్లో, ‘వెనక గోడ వైపు నుంచి వస్తోందని నా అనుమానం’ అని కూడా ఉంది. ఆ వాక్యానికి సరిగ్గా పైన నా సీలు పడింది.

“ఒంటిగంట అయిందండీ, మిషను వేసుకుంటాను. మీరు పైకి వెళ్ళిపోండి సార్,” అన్నాడు కాపలాదారు.

“ఏ మిషను?”

“చెమ్మ లాగే మిషను సార్. కాగితాలకి చెదలు పట్టకుండా. పదకొండింటికి నేను రాగానే ఆపేస్తానండి, ఆ మోతకి తల పగిలిపోద్ది. మళ్ళీ ఒంటిగంటకి వేసేసి ఇంటికెళ్ళిపోతా. దాంతో కాపురం ఎవడు చేస్తాడండీ!”

మీట నొక్కాడు. ముందు నేల వణికింది. తర్వాత నా పళ్ళు. నాలుగు నెలలుగా నాతో పడుకుని నాతో లేస్తున్న ఆ మూలుగుని నేను గుర్తుపట్టలేకపోతే ఇంకెవరు పడతారు? వెనక గోడకి కప్పు వారగా ఉన్న చిన్న కిటికీలోంచి చూశాను. అవతల మా ఇంటి వెనక పెరడు. దండెం మీద నా లుంగీ ఆరుతోంది. మిషను పక్కన గోడకి అద్దం కట్టి బిగించిన కాగితం ఉంది: ‘మూసిన ఫిర్యాదులు ప్రజల సొత్తు. వాటికి చెమ్మ తగులుతున్నందున తక్షణం యంత్రం అమర్చవలెను.’ ఐదేళ్ళ కిందట అది రాసింది ఎవరో మీకు చెప్పనక్కరలేదు. ఆ నోటుకి కూడా సభలో చప్పట్లు కొట్టారు.

మర్నాడు సెలవు పెట్టి టీచరమ్మ చెల్లెలి ఇంటికి వెళ్ళాను. చిన్న గది, గోడ వారగా మంచం, బీరువా మీద వయొలిన్ పెట్టె. పెట్టె మీద దుమ్ము. నేనెవరో చెప్పుకున్నాను. ఆమె కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

“పిల్లలకి పాఠాలు ఇక్కడ చెబుతున్నారా అమ్మా?” అని అడిగాను, ఏదో ఒకటి అడగాలి గనక.

“మానేశాను బాబూ. నలభై ఏళ్ళు చెవిని నమ్ముకుని బతికాను. లేని శబ్దం వినిపించే చెవితో పిల్లల శ్రుతి ఎలా సరిదిద్దను? అది మోసం కదూ? మీ ఆఫీసు వాళ్ళు నాలుగుసార్లు రాసిచ్చారు, నా చెవి పోయిందని.”

“శబ్దం ఉందమ్మా,” అన్నాను. “నేను విన్నాను. మీ ఇంట్లో ఉంటున్నది నేనే.”

ఆమె మంచం మీంచి ముందుకి వంగింది. “మంద్రంలో, కదూ? మొదట్లో ఒక్క క్షణం పైకి లేచి, తర్వాత కిందికి కూర్చుంటుంది.”

“అవునమ్మా. సరిగ్గా అంతే.”

“ఆ ముక్క కాగితం మీద రాసివ్వండి బాబూ. మోత ఆపమని నేను అడగను, ఎలాగూ ఆ ఇంట్లో లేను. ‘విన్నాను’ అని మీ ఆఫీసు కాగితం మీద ఒక్క మాట. ఆ నాలుగు కాగితాల పక్కన ఇది కూడా పెట్టుకుంటాను. పెట్టె కిందికి దింపుతాను.”

రేపే పంపిస్తానన్నాను. మా పద్ధతి కూడా చెప్పాను, మొదటి వాక్యమే చదువుతామని. ఎందుకు చెప్పానో నాకే తెలియదు. నాకు సిగ్గేసింది. ఈ మాటని ఆఫీసు భాషలో ఎలా రాయాలో ఇరవై ఆరేళ్ళ అనుభవంలో ఎక్కడా తగల్లేదు.

మర్నాడు సూపర్నెంటు గారి గదిలో నిలబడి అంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. వినడానికి ఆయన పెట్టింది పేరు. విన్నాక లేచి నిలబడి, గదిలో ఉన్నది నేనొక్కణ్ణే అయినా సభని ఉద్దేశించి మాట్లాడారు.

“ముగింపు గారూ! శబ్దం కలదు అని మీరు రాస్తే ఏడు ఫైళ్ళు తెరవాలి. తెరిస్తే పెండింగు ఏడు. పెండింగు ఏడైతే మన సున్నా ఏం కావాలి? ఆ సున్నా మీదిదీ కాదు, నాదీ కాదు, ఈ నగర ప్రజలది! ఇంకో సంగతి. శబ్దం చేసేది మనం, కొలిచేది మనం, మూసేది మనం. ఫిర్యాదు మరి ఎవరి మీద? పోనీ మిషను ఆపేద్దామా? ఆపితే ఆ తల్లి రాసిన ఏడు ఉత్తరాలకే చెదలు పడతాయి. ఆమె మాటని కాపాడుతున్నది ఆ మిషనే కదయ్యా!”

అంత పకడ్బందీగా ఎవరైనా మాట్లాడితే నా కళ్ళు చెమరుస్తాయి. పైగా ఆయన కూర్చుంటూ, చెరువు అవతల ఆఫీసు వాళ్ళ క్వార్టర్లలో ఒకటి ఖాళీ అయిందనీ, నా పేరు సిఫారసు చేస్తున్నాననీ అన్నారు. నేను ఆలోచించలేదని కాదు. ఆలోచించాను. టీచరమ్మ మొహం గుర్తొచ్చింది. దాని పక్కనే నా పరుపు కూడా గుర్తొచ్చింది. నాలుగు నెలలుగా నిద్ర లేని మనిషికి పరుపే పెద్దగా కనిపిస్తుందని మనవి.

నా ఫిర్యాదు మీద ఏ సీలు వెయ్యాలో మాత్రం తికమక పడ్డాను. చెవులు బాగున్నాయని డాక్టరు ఇచ్చిన ధ్రువపత్రం చింపేసి, నాలుగో సీలే వేసుకున్నాను. నాకు చెవిలో హోరు, చర్య అవసరం లేదు. మేం ఖాళీ చేసిన ఇంట్లోకి కొత్త దంపతులు దిగుతూ, ఇల్లు ప్రశాంతంగా ఉంటుందా అని అడిగారు. ఎనిమిదిసార్లు విచారించిన ఇల్లని ధైర్యం చెప్పాను.

క్వార్టరులో గాలి తప్ప ఏ శబ్దమూ లేదు. జ్ఞాపిక పెట్టినచోటే ఉంటోంది. మా ఆవిడ తిరిగొచ్చింది. టీచరమ్మ సంగతంతా చెప్పాను. వచ్చిన రోజునే అన్నం వడ్డిస్తూ, “ఆ టీచరమ్మకి కాగితం పంపారా?” అంది.

“పరిశీలనలో ఉంది,” అన్నాను.

ఆమె గరిటె పట్టుకుని నా వంక చూసింది. “మీరు విన్నారుగా?” అంది. నేను మజ్జిగ పొయ్యమన్నాను. పోసింది. ఆ తర్వాత ఆ ఊసెత్తలేదు, నాతో మాటలూ తగ్గించింది. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంటోంది.

కిందటి వారం టీచరమ్మ దగ్గర నుంచి ఎనిమిదో ఉత్తరం వచ్చింది. మా పద్ధతి నేనే చెప్పాను కదా, ఆమె ఒకే వాక్యం రాసింది: ‘బాబూ, మీరు విన్నారా, లేదా?’ కింద రెండో వాక్యం కోసం వెతికాను. లేదు. కాగితం తిప్పి చూశాను. అటూ లేదు.

కలం తీసి ఆఫీసు కాగితం మీద ‘విన్నాను’ అని రాశాను. మూడంటే మూడక్షరాలు. సంతకం పెట్టబోతుండగా సూపర్నెంటు గారు సంవత్సరాంతపు లెక్కల పుస్తకంతో గుమ్మంలోకి వచ్చి, “పెండింగు ఎంత ముగింపు గారూ?” అని అడిగారు. నేను నోరు తెరవకముందే నా నోరు “సున్నా” అంది. ఆయన రాసుకుని వెళ్ళిపోయారు. సంతకం లేని కాగితం చెల్లదు గనక, దాన్ని ఆమె ఉత్తరంతో కలిపి కుట్టి, సీలు వేసి, రికార్డు రూముకి పంపించాను.

ఆ రెండు కాగితాలూ క్షేమం. చెమ్మ తగలదు, చెదలు పట్టవు, ఆ పూచీ నాది. మీరూ ఎప్పుడో, ఎక్కడో ఒక కాగితం ఇచ్చే ఉంటారు. జవాబు రాలేదని బెంగ పెట్టుకోకండి, అది కూడా అక్కడే పదిలంగా ఉంది. అనుమానమైతే ఇంట్లో ఫ్యాను ఒక్క నిమిషం ఆపి, గోడకి చెవి ఆనించి వినండి. పదకొండుకీ ఒంటిగంటకీ మధ్య మాత్రం వద్దు.